హోంగార్డు మరియదాసు

తొంభై ఒకటి జనవరిలో ఆ శనివారం మరియదాసు ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటికి నిచ్చెన పరీక్ష, పాసైతే నారింజరంగు యూనిఫాం. ఆస్ట్రేలియాలోని పారమట్టాలో ప్రభుత్వ గుమాస్తా అయిన అతను ఆర్నెల్లుగా స్టేట్ ఎమర్జెన్సీ సర్వీసులో వాలంటీరుగా శిక్షణ పొందుతున్నాడు. పంతొమ్మిది వందల యాభైల్లో పెద్ద వరదలొచ్చాక పుట్టిన దళం అది. మొదట్లో బాంబులు పడితే ఏం చేయాలో కూడా చూసుకునేదట. ఇప్పుడు గాలివానకు దెబ్బతిన్న కప్పులమీద టార్పాలిన్ కట్టడమే ఎక్కువ. బల్బు మార్చడానికి కుర్చీ ఎక్కితేనే కాళ్లు వణికే మనిషి నిచ్చెనెక్కుతాడంటే భార్య సుగుణకుమారి నమ్మలేదు. ఆమె చేత ఔననిపించుకోవాలని అతని పట్టుదల.

పదింటికి చర్చి పెద్ద వాసుదేవరావుగారి భార్య లలితకుమారి ఫోన్ చేసింది.

"దాసు ఏదో కొత్త సర్వీసులో చేరాడంటగా, ఏంటమ్మా అది?"

పొయ్యిమీద పప్పు మాడుతోంది. సుగుణకు వివరించే తీరికెక్కడిది? "మన హోంగార్డుల్లాంటిదేలెండి ఆంటీ. జీతం కూడా ఉండదు."

గుంటూరులో ఎర్రటెండలో ట్రాఫిక్ ఆపి, సాయంత్రం ఎస్సైగారింటికి కూరగాయలు మోసే హోంగార్డు లలితకుమారి కళ్లముందు మెదిలాడు. దాసు ఉద్యోగం పోయిందన్నమాట! చేరినదానికి జీతం కూడా లేదన్నమాట!

రెండున్నరకు మరియదాసు బూట్లు వేసుకుంటుండగా ఆ దంపతులు రెండు బియ్యం బస్తాలతో దిగారు.

"సిగ్గుపడకు దాసూ," అన్నాడు వాసుదేవరావు. "హారిస్ పార్కులో మావాడి షాపులో మాట్లాడా. మండే నుంచి జాయినైపో."

"నాకు జాబ్ ఉందంకుల్! లేటైపోతోంది, వెళ్లాలి."

"ఆ హోంగార్డు పనికా? ముందు కూర్చో, ప్రేయర్ చేద్దాం."

వాసుదేవరావు ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మూడైంది. మూడుంబావైంది. మరియదాసుకు ఏడుపొక్కటే తక్కువ. ఈలోగా ఆకాశం నల్లబడి గాలివాన విరుచుకుపడింది. అది కాస్త తగ్గగానే ఫోన్ మోగింది. టీం లీడరు. మనుషులు చాలడం లేదు, యూనిఫాం తెస్తున్నా, పరీక్ష అక్కడే పెడతా, అడ్రసు రాసుకో అన్నాడు.

రాసుకున్న కాగితం మరియదాసు వాసుదేవరావుకు చూపించాడు. "అంకుల్, అది మీ ఇల్లేనండి. రూఫ్ మీద చెట్టు పడిందంట."

అరగంట తర్వాత అతను నారింజరంగు యూనిఫాంలో, వాసుదేవరావుగారింటి కప్పుమీద టార్పాలిన్ కడుతున్నాడు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ముడులు మాత్రం గట్టిగా పడుతున్నాయి. కింద గొడుగు పట్టుకుని సుగుణ, "ఆ పైనున్నది మా ఆయనే!" అని ఎవరూ అడక్కుండానే వీధంతా చాటుతోంది. వాసుదేవరావు వర్షంలోనే కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ హోంగార్డును కాపాడు," అని మళ్లీ మొదలుపెట్టాడు.

కప్పు బాగయ్యేదాకా ఆ దంపతులు మరియదాసు ఇంట్లోనే ఉండి, తాము తెచ్చిన బియ్యమే తిన్నారు.