అధ్యక్షుల వారి కళ్ళు మూసిన ఓటు

"ఈ వేసవితో నేను పదవి దిగిపోతున్నాను. ఇది ప్రభువు చిత్తం" అని బెథెల్‌ఫోర్డ్ పాస్టర్ల శిక్షణ సెమినరీ అధ్యక్షులు డాక్టర్ హోబర్ట్ స్ట్రిక్‌లాండ్ గారు ప్రకటించారు. కెంటకీ కొండలు పులకించాయి. వాటికది అలవాటే. ముప్పై ఏళ్ళుగా ఆయన ప్రతి వసంతంలోనూ దిగిపోతూనే ఉన్నారు.

పాపం, ప్రభువు చిత్తం ఏప్రిల్లో ఒకలాగా, మేలో ఒకలాగా ఉంటోంది. ఒక ఏడు వీడ్కోలు విందులో వేయించిన కోడి తింటూ ఆయన మనసు మార్చుకున్నారు. ఇంకో ఏడు తన నిలువెత్తు చిత్రపటాన్ని తానే ఆవిష్కరించి, దాని కళ్ళల్లో బాధ చూడలేక ఆగిపోయారు.

ఈసారి మాత్రం డీన్ వెండెల్ టీగ్ గారి గుండె దడదడలాడింది. తర్వాతి అధ్యక్షుడు ఆయనేనని ఎప్పటినుంచో మాట. కానీ అరవై అయిదు నిండిన డీన్ ఇంటికి పోవాలని నియమం. వచ్చే నెలతో నిండుతాయి. అధ్యక్షుడికి ఆ నియమం లేదు. ప్రవక్తలకు వయసేమిటి?

"ఏవండీ, ఈసారైనా దిగుతాడా ఆ మహానుభావుడు? అధ్యక్షుల బంగళాకని కుట్టించిన కర్టెన్లు పెట్టెలోనే వెలిసిపోయాయి" అంది భార్య లుయెల్లా.

"ట్రస్టీలందరూ ఇక చాలన్నారే. ఒక్కొక్కరూ నా చెవిలో చెప్పారు."

"మీ చెవిలో ఎందుకు? ఆయన మొహం మీద చెప్పమనండి."

"మొహం మీద ఎవరు చెప్తారే, పిచ్చిదానా."

మే నెల ట్రస్టీల సమావేశంలో స్ట్రిక్‌లాండ్ గారు కంటతడి పెట్టారు. "వద్దన్నా ప్రభువు వదలడం లేదయ్యా. మన పద్ధతిలోనే తేల్చుకుందాం. తలలు వంచండి, కళ్ళు మూసుకోండి. ఎవరూ ఎవర్నీ చూడొద్దు. నేనుండాలనుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

ఆరాధనలో మారుమనసు పొందినవాళ్ళను చెయ్యెత్తమనే పద్ధతే ఇది. ఎత్తినవాడు సిగ్గుపడకూడదని అందరూ కళ్ళు మూసుకుంటారు. చూసేది, లెక్కపెట్టేది అధ్యక్షుల వారొక్కరే.

"ఆ చెయ్యి చూశాను, స్తోత్రం. ఆ మూల చెయ్యీ చూశాను. అమ్మా, మీదీ చూశాను, ఇక దించండి."

టీగ్ గారి ప్రాణం ఉసూరుమంది. ఆ బాధలో, జన్మలో చెయ్యని పాపం చేసేశారు. ఒక కన్ను తెరిచారు.

ఒక్క చెయ్యీ లేచి లేదు. ట్రస్టీలందరూ కళ్ళు తెరుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నది స్ట్రిక్‌లాండ్ గారొక్కరే. "చూశాను, చూశాను" అంటున్నారు.

టీగ్ గారు ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యారు. ఇంకేం, ఎవరో ఒకరు ఒక్క మాటంటే చాలు. పక్క ట్రస్టీ మోచేత్తో పొడిచి, అనమని సైగ చేశాడు. మీరే అనండని టీగ్ గారు సైగ చేశారు. ఆ ట్రస్టీ తన పక్కావిడకు చేశాడు. ఆ సైగ బల్ల చుట్టూ తిరిగి మళ్ళీ టీగ్ గారి దగ్గరికే వచ్చింది.

"ఏకగ్రీవం. ఇక కళ్ళు తెరవండి" అన్నారు స్ట్రిక్‌లాండ్ గారు.

అందరూ గబుక్కున మూసుకుని, నెమ్మదిగా తెరిచారు. టీగ్ గారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. గది ఊపిరి బిగబట్టింది.

"ఆమేన్" అన్నారు, అందరికంటే ముందు.