మంత్రిగారి నిశ్శబ్ద కానుక

“ఈ ఆదివారం నుంచి దేశంలో ప్రతి పౌరుడూ తనవాళ్లని ప్రేమించి తీరాలి!”

ప్రజాక్షేమ మంత్రిగారు బల్ల గుద్దిన ఊపుకి మైకు పక్కకి ఒరిగింది. ప్రతి ఒక్కరూ ఆత్మీయులకి చిన్న కానుక ఇవ్వాలి. ఖరీదైనది కాకూడదు. ఆలోచించి ఎంచాలి. అందుకున్నవాళ్ల ఒంటికీ మనసుకీ హాయిగా ఉండాలి. అందరికీ ఆదర్శంగా మొదటి కానుక మంత్రిగారే తన శ్రీమతికి వేదిక మీద ఇస్తారు.

విలేకరులు చప్పట్లు కొట్టారు. ఇంత గొప్ప ఆలోచన ఇంతవరకూ ఏ మొగుడికీ రాలేదు.

గదిలోకి రాగానే మంత్రిగారు పీఏని పిలిచారు.

“ఏమయ్యా, మా ఆవిడకేం ఇష్టం?”

“నాకెలా తెలుస్తుంది సార్?”

“మరి నాకెలా తెలుస్తుంది? వెళ్లి కనుక్కో. కెమెరాల ముందు ఆవిడ నవ్వాలి. నవ్వలేదో, నువ్వు రికార్డు రూములో ఉంటావు.”

రికార్డు రూము సచివాలయం నేలమాళిగలో ఉంది. పాత పీఏని అక్కడికి పంపాక మళ్లీ ఆయన ఊసు విన్నవాళ్లు లేరు.

మంత్రిగారింట్లో హాలు నిండా కార్యకర్తలు, వరండా నిండా కాంట్రాక్టర్లు, వంటింట్లో యువజన విభాగం. అమ్మగారు మెట్ల కింద స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు.

“వదినా, టీ!” అని ఒక గొంతు. “అక్కా, చార్జరుందా?” అని ఇంకోటి.

పీఏ సంగతి చెప్పాడు. అమ్మగారు కత్తి కింద పెట్టారు.

“నాకేం కావాలనా? ఒక్క గంట పీఏగారూ. ఒక్క గంట నాతో ఎవరూ మాట్లాడకూడదు. టీ కూడా నేనే పెట్టుకుంటాను.”

ఈ మాట వినగానే మంత్రిగారు ఎగిరి గంతేశారు.

“నిశ్శబ్దం! ఖర్చు లేదు, టెండరు లేదు, ప్రతిపక్షం నోరెత్తడానికి లేదు! ఊరంతా మైకులు పెట్టి చాటించండి!”

లౌడ్‌స్పీకరు వ్యాన్లు నిశ్శబ్దం గొప్పతనాన్ని వీధి వీధినా అరిచి చెప్పాయి. పసిపిల్లలు లేచి ఏడ్చారు.

ఆదివారం సచివాలయం ఆవరణలో సభ. భద్రతాధికారి పీఏని ఆపాడు.

“కానుక ఏదండీ?”

“నిశ్శబ్దమండీ.”

“ఏదైనా సరే, తనిఖీ కాకుండా వేదిక ఎక్కదు. పెట్టెలో పెట్టి తెండి.”

పెట్టె వచ్చింది. పోలీసు కుక్క లోపల వాసన చూసి తృప్తిపడింది. ఫొటోగ్రాఫరుకి మాత్రం నచ్చలేదు. “బరువు లేదు సార్. ఖాళీ పెట్టె మోసే మనిషి ఫొటోలో ఖాళీ పెట్టె మోస్తున్నట్టే పడతాడు.”

పీఏ నేలమాళిగకి పరిగెత్తి రెండు ఫైళ్ల కట్టలు పట్టుకొచ్చాడు. అక్కడ పాత పీఏ కాళ్లు బారజాపుకుని పుస్తకం చదువుకుంటున్నాడు. బుగ్గలు నిండాయి. వయసు తగ్గినట్టున్నాడు. పలకరించినా తలెత్తలేదు. పాపం, మతి చలించిందనుకున్నాడు పీఏ.

వేదిక పక్కన అమ్మగారు పెట్టె మీది దుమ్ము చూశారు.

“ఏమిటిది?”

“బరువు కోసం ఫైళ్లమ్మా. రికార్డు రూములోవి.”

“అక్కడెవరుంటారు?”

“అటు ఎవరూ పోరమ్మా.”

“మళ్లీ చెప్పండి?” అన్నారు అమ్మగారు.

బ్యాండు మోగింది. “నిశ్శబ్దం వర్ధిల్లాలి!” అని జనం గొంతు చించుకున్నారు. నిశ్శబ్దం గురించి మంత్రిగారు మాట్లాడుతూనే ఉన్నారు, మొదటి వరుస నిద్రలోకి జారుకునేదాకా. తీరా కానుక ఇచ్చే వేళకి పక్కన అమ్మగారి కుర్చీ ఖాళీ!

మహిళా విభాగం అధ్యక్షురాలు చురుకైన మనిషి. చటుక్కున వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మంత్రిగారు కెమెరా మీంచి చూపు తిప్పకుండా పెట్టె ఆమె చేతిలో పెట్టారు.

“ఇన్నేళ్ల కాపురంలో నీ మనసు చదివాను!”

ఆమె చెవులదాకా నవ్వింది. జనం కళ్లు తుడుచుకున్నారు.

కారెక్కుతూ మంత్రిగారు మురిసిపోయారు. “చూశావటయ్యా, ఇవాళ మీ అమ్మగారు ఎంత పొడుగు కనిపించిందో! సంతోషం మనిషిని అంతగా పెంచుతుంది.”

కారు ఇంటిదారి పట్టింది. ఆయన ఇల్లు చేరి అమ్మగారు లేరని చూస్తే పీఏ పని ఆఖరు. పీఏ సభంతా గాలించాడు, అమ్మగారి జాడ లేదు. ఎలాగూ తన కొత్త చోటు అదే కదా అని పెట్టెలోని ఫైళ్ల కట్టలు వెనక్కి తీసుకుని, మోసుకుంటూ నేలమాళిగకి దిగాడు.

అమ్మగారు అక్కడున్నారు. బల్ల మీద కాళ్లు, చేతిలో టీ కప్పు. అటు మూల పాత పీఏ పేజీ తిప్పాడు.

“అమ్మగారూ! అయ్యగారు ఇంటికి బయల్దేరారు!”

ఆమె పెదాల మీద వేలు పెట్టి, మూడో కుర్చీ చూపించారు. పీఏ కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత జేబులో ఫోను మోగింది.

“ఏమయ్యా, కానుక భలే పనిచేసింది! నేనొచ్చినప్పట్నుంచీ మీ అమ్మగారు తలుపేసుకుని ఒక్క మాట మాట్లాడితే ఒట్టు! నీకు ప్రమోషన్. రేపట్నుంచి నా గదిలోనే నీ సీటు.”

పీఏ అమ్మగారిని చూశాడు. పాత పీఏ నిండు బుగ్గలని చూశాడు.

“సార్,” అన్నాడు గొంతు తగ్గించి, “మీరు రికార్డు రూమన్నారు కద సార్... మాట తప్పకండి సార్.”