రిపోర్టులోకి ఎక్కిన ఫ్యాను తగాదా

మంగళవారం ఉదయం ఏడుంపావుకు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషికీ, ఇస్త్రీ చేసే మనిషికీ ఫ్యాను గురించి మాటామాటా వచ్చింది. నాలుగు నిమిషాలు సాగింది. ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. శుక్రవారానికి ఇద్దరి చేతికీ విచారణ నోటీసులు వచ్చాయి. ఆ నాలుగు నిమిషాలనూ కాగితం మీదికి ఎక్కించినవాడు లాండ్రీ సూపర్‌వైజరు.

ఆ ఉదయం ఆయన అనుకున్నది చిన్న పనే. లాండ్రీ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. శనివారం ఇంటర్వ్యూ. ఇంగ్లీషులో రిపోర్టు రాయగలవాడికే ఇస్తామన్నారు. అందుకని నెల రోజులుగా కాలేజీకి వెళ్లే కూతురి దగ్గర రోజుకో మాట నేర్చుకుంటున్నాడు. నేర్చుకున్న మాటను ఆ రోజు పొద్దుగుంకేలోగా ఎక్కడో ఒకచోట వాడి తీరాలి. అది కూతురు పెట్టిన షరతు.

“ఈరోజు మాట టిఫ్, నాన్నా. చిన్న గొడవ. మీరూ అమ్మా పడతారే, అలాంటిది.”

“మేం పడేది చిన్నదా?” అంది వంటింట్లోంచి భార్య.

“పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోయేది నాన్నా. అయినవాళ్ల మధ్యే వస్తుంది. మాటల్లో వాడతారు, పెద్ద పెద్ద కాగితాల్లో రాయరు.”

“మరి కొట్టుకుంటే?”

“కొట్టుకుంటే అది టిఫ్ కాదు.”

బస్సులో ఆ మాటే గొణుక్కుంటూ వచ్చాడు. కూతురు చెప్పిన చివరి వాక్యం బాగా గుర్తుంది. దానికి ముందుది, కాగితాల్లో రాయరన్నది, గాలికి పోయింది.

లాండ్రీ మొత్తానికి ఉన్నది ఒక్క ఫ్యాను. దాని మెడ బిగుసుకుపోయి ఎప్పుడో తిరగడం మానేసింది. ఎటు పెడితే అటే చూస్తుంది. ఉతికే మెషీన్ దగ్గర ఉండేది సూపర్‌వైజరు బావమరిది. ఇస్త్రీ మెషీన్ దగ్గర ఉండేది పెద్దాయన. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలు.

“ఏం బాబాయ్, గాలంతా నీ సొంత ఆస్తా?”

“నువ్వుండేది నీళ్లలో, నేనుండేది నిప్పు దగ్గర. గాలెవరికి కావాలో నువ్వే చెప్పరా.”

“నిన్నా ఇదే చెప్పావ్.”

“నిన్నా వేడిగానే ఉందిరా వెధవా!”

బావమరిది ఫ్యాను తనవైపు తిప్పాడు. పెద్దాయన మళ్లీ తిప్పాడు. ఏడూ పంతొమ్మిదికి వార్డుల నుంచి నూట ఇరవై దుప్పట్లు వచ్చిపడ్డాయి. ఇద్దరూ తలలు వంచుకుని పనిలో పడ్డారు. తొమ్మిదింటికి ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు.

రోజూ మధ్యాహ్నం రెండింటికి సూపర్‌వైజరు రిపోర్టు నింపుతాడు. చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్లుగా అందులో ‘లేవు’ అని రాస్తున్నాడు. మంగళవారం అక్కడ పెన్ను ఆగింది. రోజు మాట ఇంకా వాడలేదు. ఫ్యాను విషయంలో ఇద్దరి మధ్య టిఫ్ జరిగిందని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. రెండుసార్లు చదువుకున్నాడు. సంతకం పెట్టాడు.

‘లేవు’ అని ఉన్న రిపోర్టులను ఆఫీసులో ఎవరూ చదవరు. కట్టగట్టి బీరువాలో పెడతారు. ఇంకేం రాసి ఉన్నా బయటికి తీసి, వాదన, దూషణ, దాడి, ఇతరం అనే నాలుగింటిలో ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. గుమాస్తాకు ఆ మాట అర్థం తెలుసు. కానీ మొదటి మూడింటిలో దేనికీ అది సరిపోలేదు. ‘ఇతరం’కు టిక్కు పెట్టాడు. ఇతరమైతే విచారణ జరపాలన్నది రూలు.

బుధవారం ఇద్దరు మనుషులు వచ్చి, తగాదాకు కారణమైన వస్తువని ఫ్యానుకు చీటీ అంటించి ఆఫీసుకు తీసుకుపోయారు. గురువారం వేడి తట్టుకోలేక పెద్దాయన అరగంటకోసారి బయటికి వెళ్లి నిలబడ్డాడు. దుప్పట్లు ఆలస్యమయ్యాయి. రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆ సంగతీ ఫైల్లో చేరింది. జరిగింది సాయంత్రంలోగా రాసివ్వాలని శుక్రవారం నోటీసులిచ్చారు. తన ఉద్యోగం ఉంటే చాలని ఎవరికి వాళ్లు రాశారు. తన్నబోయాడని పెద్దాయన రాశాడు. మెషీన్‌లో పెట్టి ఇస్త్రీ చేసేస్తానన్నాడని బావమరిది రాశాడు. ఆ రోజు టీ ఎవరూ తాగలేదు.

“నీకేం ద్రోహం చేశాం బావా?” అన్నాడు బావమరిది.

“చిన్న గొడవనే రాశాన్రా.”

“చిన్నదైతే రాయడమెందుకు?”

సూపర్‌వైజరు సంచి తీసుకుని బస్సెక్కాడు. ఇంటికెళితే భార్య కూడా అదే ప్రశ్న వేసింది. తమ్ముడు అప్పటికే ఫోన్ చేశాడు.

శనివారం పదింటికి ఇంటర్వ్యూ జరగాల్సిన గదిలోనే విచారణ పెట్టారు. ఇంటర్వ్యూ కోసం తీసిపెట్టుకున్న చొక్కాతోనే ఆయన విచారణకు వెళ్లాడు. విచారణ అధికారిణి ఇద్దరూ రాసిచ్చిన కాగితాలు చదివింది.

“ఇస్త్రీ చేసేస్తాననడం బెదిరింపు. ఇస్త్రీ ఆయన్ని ఈరోజే పనిలోంచి తీసెయ్యాలి.”

పెద్దాయన చేతులు జోడించాడు. “ఏడు నెలలమ్మా. ఏడు నెలలే ఉన్నాయి.”

సూపర్‌వైజరు లేచాడు. “మేడమ్, అది అసలు గొడవే కాదు. వీళ్లు రోజూ అంతే. ఇద్దరూ అరుచుకోకపోతే ఎవరికో ఒకరికి ఒంట్లో బాగాలేదనుకుంటాం.”

“రోజూనా?”

“రోజూ. పదకొండేళ్లుగా నా కళ్లతో చూస్తున్నా.”

ఆ ఇద్దరూ నోటీసులు వచ్చాక మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఔనమ్మా, రోజూ,” అన్నాడు పెద్దాయన.

“ఆదివారాలు తప్ప,” అన్నాడు బావమరిది. “ఆ రోజు సెలవు.”

అధికారిణి వాళ్ల ఫైలు మూసింది. బీరువాలోంచి ఒక కట్ట తెప్పించి, పై కాగితాన్ని సూపర్‌వైజరు వైపు తిప్పింది.

“మరి పదకొండేళ్లుగా ‘లేవు’ అని రాసిందెవరు?”

ఆయన సంతకాన్ని ఆయనే గుర్తుపట్టాడు.

పన్నెండింటికి ఉత్తర్వు వచ్చింది. ఉతికే మనిషి మీద, ఇస్త్రీ మనిషి మీద చర్య లేదు. మూడువేల మూడువందల రిపోర్టుల్లో వాస్తవాలు దాచినందుకు సూపర్‌వైజరును ఆ బాధ్యత నుంచి తప్పించారు. మంగళవారం రిపోర్టు ఒక్కటే సరిగ్గా ఉందని అందులో రాశారు.

సోమవారం ఉదయం ఆరింటికి ఆయన మాసిన బట్టలు వేరుచేసే గదిలో చేరాడు. అక్కడ ఇంకో నలుగురు పనిచేస్తారు. ముక్కూ నోరూ కట్టేసుకుని ఉంటారు కాబట్టి ఎవరూ మాట్లాడుకోరు. టిఫ్ కూడా రాదు.