మాస్టారు చెప్పిన మూడో మాట

ఆ శుక్రవారం పొద్దున మరకల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరో డాక్టరుగారి తెల్లకోటు జేబు కింద అరచేయంత సిరా మరక ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకి దాన్ని లేకుండా చేయాలి. ఆ డ్రైక్లీనింగ్ దుకాణంలో కిటికీ పక్కన మరకలు తీసే బల్ల ఆయనది. బల్ల మీద చిన్న చిన్న సీసాలు, మెత్తటి బ్రష్షులు, పాత బనియను గుడ్డలు ఉంటాయి.

మాస్టారిది తొందరపడే చేయి కాదు. గట్టిగా రుద్దితే మరక పక్కకి పాకుతుంది కాబట్టి మెల్లగా అద్దుతూ కూర్చోవడం ఆయన పద్ధతి. చేతికి పట్టిన ఆ అలవాటు నోటికీ పట్టింది. ఆయన ఒక వాక్యం మొదలుపెట్టి చివరికి చేరేలోపు ఎదుటివాళ్ళు దాన్ని తామే పూర్తిచేసి, దానికి జవాబు కూడా తామే చెప్పుకుని, పనిమీద వెళ్ళిపోయేవారు. మాస్టారు మిగిలిన సగం వాక్యాన్ని మింగేసి బ్రష్షు అందుకునేవారు.

ఆ రోజు టీ తాగే వేళకి యజమానురాలు లోపలికి వచ్చారు. అందరూ ఆవిడని మేడమ్ అంటారు. ఆవిడకి ఉత్సాహం వస్తే చేతులు ఊరుకోవు. మాట్లాడుతూనే ఇటు హ్యాంగర్లు అటు, అటువి ఇటు మార్చేస్తారు.

"చెట్ల ఆకులు రాలడం మొదలైంది. వచ్చే వారం నుంచి మనకి కోట్లు కొండల్లా వచ్చిపడతాయి. తల ఎత్తే తీరిక ఉండదు. అందుకే ఇవాళ ఒక ఆట ఆడదాం" అన్నారు మేడమ్. "ఈ కాలం రాగానే మీమీ అలవాట్లు ఏంటో ఒక్కొక్కళ్ళు మూడు మాటల్లో చెప్పాలి. రెండు నిజం, ఒకటి అబద్ధం. అబద్ధం ఏదో మిగతావాళ్ళు పట్టుకోవాలి."

ముందు ఇస్త్రీ మేస్త్రి లేచాడు. ఆరడుగుల మనిషి, ఆవిరి యంత్రం దగ్గర నిలబడితే పొగమంచులో రైలింజనులా కనిపిస్తాడు.

"ఒకటి, రాత్రిళ్ళు సాక్సులు వేసుకుని పడుకుంటా. రెండు, పొద్దున్నే చలి పోవడానికి రేడియో పెట్టుకుని డాన్సు చేస్తా. మూడు, మా ఆవిడ మొహానికి రాసుకునే క్రీము తీసి నా మడమలకి రాసుకుంటా."

డాన్సు అబద్ధమని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "సాక్సులు నాకు సరిపోయేవి దొరకవు. అదే అబద్ధం" అని, నమ్మకం కుదరనివాళ్ళ కోసం అక్కడే రెండు అడుగులు వేసి చూపించాడు. నేల అదిరి, కలరా ఉండల డబ్బా అలమర మీంచి కిందపడింది.

తర్వాత కౌంటరు అమ్మాయి వంతు. ఆ పిల్ల నోట్లో మాట ఆగదు, చేతిలో ఫోను ఆగదు. ఆమె చెప్పిన వాటిలో, శుభ్రం చేయడానికి వచ్చిన కోట్లలో తనకి నప్పేది ఒకటి ఏరి అద్దం ముందు వేసి చూసుకుంటానన్నది ఒకటి. "ఇదే అబద్ధం. మన దుకాణంలో అలాంటి పని జరగదు" అన్నారు మేడమ్ ధీమాగా.

"అది నిజం మేడమ్."

"ఎవరి కోటు?"

"మీదే మేడమ్. ఆ గోధుమరంగుది. మీకంటే నాకే బాగుంది" అని మేస్త్రి వెనక దాక్కుంది ఆ అమ్మాయి. మేడమ్ ఒక నిమిషం హ్యాంగర్లు కదపడం మానేశారు. తర్వాత ఆవిడే ముందు నవ్వారు.

ఇక మాస్టారి వంతు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఒకటి, చలి మొదలైన రోజునుంచి చెవుల్లో దూది పెట్టుకుంటాను" అన్నారు. అది అందరికీ కనిపిస్తూనే ఉంది. "రెండు, ఆదివారం పొద్దున్నే పార్కుకి పోయి ఎండుటాకులు తొక్కుతాను. బాగా ఎండినవి ఏరి ఏరి తొక్కుతాను. ఆ కరకర చప్పుడు కోసం." చెప్పాక చెవులదాకా ఎర్రబడ్డారు. ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకి కూడా.

మూడోది అబద్ధం కావాలి. మాస్టారికి అబద్ధం అలవాటు లేదు. దిక్కులు చూశారు. గోడమీద క్యాలెండరులో కొండల మధ్య చెరువు బొమ్మ ఉంది. "మూడు, ఊరి చివర చెరువులో మునుగుతాను. మంచులాంటి నీళ్ళలో" అనేశారు.

"రెండోదే అబద్ధం" అన్నాడు మేస్త్రి వెంటనే. "ఇంత పెద్దమనిషి ఆకులు తొక్కడమేంటి, చిన్నపిల్లాడిలా?"

"అవును, దొరికిపోయారు మాస్టారూ" అంది కౌంటరు అమ్మాయి.

"కాదమ్మా, అసలు నేను ఆ చెరువులో..."

"ఆ చెరువులోనా? అంటే చెరువు నిజమే" అన్నారు మేడమ్, రెండు చేతుల్లో రెండు హ్యాంగర్లతో. "ఇన్నేళ్ళు మన మధ్య కూర్చుని, ఇంత ధైర్యం పెట్టుకుని, ఒక్క మాట చెప్పలేదు చూడండి."

మాస్టారు నోరు తెరిచారు. అంతలో వీధి తలుపు తోసుకుని ఒకావిడ మొహం కనబడనంత కోట్ల మోపుతో లోపలికి వచ్చింది. అందరూ ఆవిడ వైపు పరుగెత్తారు. ఆట అయిపోయింది.

ఆట అయిపోయిందనుకున్నది మాస్టారు ఒక్కరే. మధ్యాహ్నానికి కౌంటరు అమ్మాయి రశీదు చింపి ఇచ్చిన ప్రతి మనిషికీ ఈ కబురు చెప్పేసింది. వాళ్ళు మరకల బల్ల దాకా వచ్చి, తొంగిచూసి, "ఈయనేనా" అని గుసగుసలాడుకుని వెళ్ళారు. మూడింటికి మేడమ్ కొత్త ఆలోచనతో వచ్చారు. ఆదివారం పొద్దున్నే దుకాణం మొత్తం చెరువుకి వెళ్ళాలి. మాస్టారు దూకుతుంటే ఫోటో తీసి దుకాణం అద్దానికి పెద్దది అంటించాలి. దానికింద ఏం రాయాలో కూడా ఆవిడ అనుకునే వచ్చారు: 'మావాళ్ళకి చలి లేదు, మీ కోట్లు మాకివ్వండి.'

"మేడమ్, నాకు ఈత..."

"ఈత గురించి మీరు గొప్పలు చెప్పుకోరని తెలుసు మాస్టారూ. అదే మీలో నాకు నచ్చేది."

సాయంత్రం మాస్టారి భార్య, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టారని అడగడానికి దుకాణానికి ఫోన్ చేసింది. ఫోను ఎత్తింది కౌంటరు అమ్మాయి. "ఆంటీ, మీ గుండె గట్టిదండీ. ప్రతి ఏడూ ఆయన్ని ఆ చన్నీళ్ళలోకి ఎలా పంపిస్తున్నారు?" అంది. అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. తాళంచెవి ఊసు ఎవరికీ గుర్తులేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆదివారం పొద్దున్నే ఎక్కడికండీ అంటే గాలికి అన్నారు. ఇదా గాలి?"

"అది కాదే, నేను వెళ్ళేది..."

"వెళ్ళేది ఎక్కడికో ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. ఏమన్నా అయితే నాకెవరు చెప్తారు? ఆ కౌంటరు పిల్లా?"

ఈసారి ఎలాగైనా వాక్యం పూర్తిచేయాలని మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడు లోపలి గదిలోంచి బావమరిది వచ్చాడు. అతను జిమ్ములో కండలు పెంచడం నేర్పిస్తాడు. పెళ్ళయిన నాటినుంచీ ఎప్పుడు కనబడినా మాస్టారి జబ్బ పట్టుకుని "బావా, ఇది చేయా, చీపురుపుల్లా" అని అడగడం అతని పలకరింపు. ఇవాళ అదే జబ్బని రెండు చేతులతో భక్తిగా పట్టుకున్నాడు.

"క్షమించు బావా. మనిషిని చూసి మోసపోయాను. నావల్ల కూడా కాదు ఆ పని. నేను షవర్ కింద కూడా వేడినీళ్ళే" అన్నాడు. అని, మాస్టారు ఏం చెప్తారా అని కళ్ళు విప్పార్చి ఎదురుచూశాడు. అడ్డు మాట్లాడలేదు. కావలసినంత సమయం ఇచ్చాడు.

నిజం చెప్పడానికి దొరికిన ఒకే ఒక్క ఖాళీ అది. మాస్టారు ఆ మొహంలోకి చూశారు. ఆ మొహం తనని అలా చూడటం ఇదే మొదటిసారి. "మొదట్లో కాస్త చలేస్తుంది. తర్వాత అలవాటైపోతుంది" అన్న మాటలు వినబడ్డాయి. ఎవరన్నారా అని మాస్టారు ఒక్క క్షణం ఆశ్చర్యపోయారు. అన్నది తనే.

మర్నాడు స్నానాల గదిలో తలుపేసుకుని ఒక చెంబెడు చన్నీళ్ళు భుజం మీద పోసుకున్నారు. ఆయన గొంతులోంచి పిల్లి తోక తొక్కినట్టు ఒక అరుపు వచ్చింది. "ప్రాక్టీసా?" అంది బయటినుంచి భార్య, కోపం ఇంకా తగ్గని గొంతుతో. రెండో చెంబు పోసుకునే ధైర్యం లేక మాస్టారు ఒళ్ళు తుడుచుకున్నారు.

ఆదివారం వచ్చేసింది. చెరువుగట్టు పొడుగునా చెట్లు పసుపు, ఎరుపు ఆకులు రాలుస్తున్నాయి. నీళ్ళమీద పల్చటి పొగమంచు. గట్టునుంచి నీళ్ళలోకి పడవలు కట్టేసే పాత చెక్కల రేవు ఒకటి ఉంది. మేడమ్ కెమెరా తెచ్చారు. మేస్త్రి పెద్ద తాడు, లారీ ట్యూబు తెచ్చాడు. బావమరిది ఈల తెచ్చాడు. కౌంటరు అమ్మాయి మేడమ్‌గారి గోధుమరంగు కోటు వేసుకొచ్చింది, ఈసారి అడిగే. పండక్కి తయారైనట్టుంది అందరి హడావిడి. భార్య మాత్రం తువ్వాలు గుండెకి హత్తుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా రేవు చివర నిలబడింది. మునిగితే ముందు అందుకోవలసింది తనే అని ఆమె నిశ్చయం.

మాస్టారు నిక్కరుతో, బనియనుతో, చెవుల్లో దూదితో రేవు మొదట్లో నిలబడ్డారు. మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

"కండరాలు వేడెక్కిస్తున్నాడు" అని అందరికీ వివరించాడు బావమరిది.

రేవు చివర భార్య మొహం చూశారు మాస్టారు. ఆ మొహంలో కోపం లేదు, ఉత్త భయం ఉంది. ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది. బావమరిది మెచ్చుకోలు, అద్దం మీద ఫోటో, ఏవీ ఆ చూపుకి సరిపోవు. చెప్పేయాలి. "వద్దు, వెనక్కి..." అన్నారు.

"వెనక్కి జరగండి, వెనక్కి జరగండి. పరుగెత్తుకొచ్చి దూకుతాడట" అని ఈల ఊదాడు బావమరిది.

"వెనక్కి పోదాం అని..."

"మీరు పొండి మాస్టారూ, ఎంత వెనక్కి కావాలంటే అంత" అని మేడమ్ ఆయన్ని దాటుకుని, దూకే చోటు బాగా కనబడాలని రేవు చివరికి పరుగెత్తారు. ఆవిడ వెనక కౌంటరు అమ్మాయి, ఆ పిల్ల వెనక బావమరిది, చివరగా తాడూ ట్యూబూ మోసుకుంటూ మేస్త్రి. మాస్టారు వెనక్కి జరిగి గట్టుమీద ఎండుటాకుల్లో ఒంటరిగా మిగిలిపోయారు.

మేస్త్రి రెండో అడుగు వేయగానే రేవు మూలిగింది. మూడో అడుగుకి కిర్రుమంది. ఆ తర్వాత చెక్కలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కిందికి దిగాయి. మేడమ్, కెమెరా, గోధుమరంగు కోటు, బావమరిది, ఈల, తువ్వాలు, మాస్టారి భార్య అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే నిలువునా నీళ్ళలోకి వెళ్ళిపోయారు. మేస్త్రి పడ్డప్పుడు లేచిన నీళ్ళు, అప్పటిదాకా తడవకుండా మిగిలిన తలల్ని కూడా తడిపేశాయి.

నడుంలోతు నీళ్ళు, అంతే. అయినా మాస్టారు అది ఆలోచించలేదు. గట్టుమీద బోర్లాపడుకుని చేయి చాచి ముందు భార్యని, తర్వాత ఒక్కొక్కళ్ళనీ పైకి లాగారు. మేస్త్రిని లాగడానికి మిగతా అందరూ సాయం పట్టారు. అయిదుగురూ వరసగా నిలబడి వణుకుతుంటే పళ్ళ చప్పుడు టైపు మిషన్లు నడిచినట్టు వినిపించింది.

"నేను ఈ చెరువులో ఎప్పుడూ దిగలేదు" అన్నారు మాస్టారు. ఎవరూ అడ్డు రాలేదు. రావాలని మేడమ్ ప్రయత్నించారు గానీ, "మ... మ..." దగ్గరే ఆగిపోయారు. "నాకు ఈత రాదు. ఆట కోసం చెప్పిన అబద్ధం ఇది. నేను ఆదివారం పార్కులో ఎండుటాకులు తొక్కుతాను. అది నిజం. మొన్న మా బావమరిది నన్ను మెచ్చుకున్నాడని, చెప్పడానికి సమయం ఉండీ నోరు మూసుకున్నాను. తప్పు నాదే." వాక్యం చివరి చుక్కతో సహా చెప్పేశారు.

ముందు దవడ అదుపులోకి వచ్చింది భార్యకి. "ఆకులు తొక్కడానికా? ఇన్నేళ్ళు నాకు చెప్పకుండా వెళ్ళింది దానికా?"

"నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వక?" అంది ఆమె. అని నిజంగానే నవ్వింది, వంగిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, ఆయన భుజం పట్టుకుని. తర్వాత తడి చెప్పులతో గట్టుమీది ఆకుల్ని ఒకసారి తొక్కి చూసింది. "చప్పుడు రావట్లేదేంటండీ?"

"ఎండినవి చూసి తొక్కాలి. ఇటు రా" అన్నారు మాస్టారు.

బావమరిది వాళ్ళిద్దర్నీ చూస్తూ నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నారు మాస్టారు. అతను మాత్రం తన చేతులకేసి, కాళ్ళకేసి వింతగా చూసుకుంటున్నాడు. "అక్కా, వణుకు పోయింది. ఒళ్ళంతా వెచ్చగా, తేలిగ్గా ఉందేంటి?" అన్నాడు.

"నాకూ అలాగే ఉంది" అన్నాడు మేస్త్రి.

"పదేళ్ళ వయసు తగ్గినట్టుంది" అన్నారు మేడమ్. ఆవిడ బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి. కౌంటరు అమ్మాయి వైపు చూశారు, చెరువు వైపు చూశారు. "ఎలాగూ తడిశాం కదా" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆ పిల్ల కోటు విప్పి గట్టుమీద పారేసి మళ్ళీ నీళ్ళలో ఉంది.

ఇప్పుడు ఆ దుకాణం వాళ్ళు ప్రతి ఏడూ ఆకులు రాలడం మొదలవగానే ఆదివారం పూట చెరువులో మునిగి వస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే బాధ్యత మాత్రం, అందర్నీ గట్టుమీదికి లాగిన అనుభవం ఉన్న మనిషని, మరకల మాస్టారికి అప్పగించారు.