రాకుమారి ఆఖరి మాట

సినిమాలకు మాటలు రాయడం నా వృత్తి. పదకొండేళ్లుగా రాస్తున్నాను. తెరమీద నా పేరు మాత్రం ఒక్కసారీ పడలేదు. ఈసారి తప్పకుండా పడుతుందని డైరెక్టరు మాటిచ్చాడు. ఆయన్ని మేమంతా ఇంకోసారిగారు అంటాం. ఏ కాగితం చేతికిచ్చినా చదివి, కళ్లజోడు తీసి, "ఇంకోసారి" అంటాడు.

సినిమా పాతకాలపు ప్రేమగాథ. వందల ఏళ్ల కిందట కోటలో ఒక రాకుమారి. పగవాళ్ల కొడుకుతో ప్రేమ. పొద్దుగుంకేలోగా సొరంగంలోంచి వచ్చి తీసుకుపోతానంటాడు. రాడు. ఆమె విషం తాగేస్తుంది. అప్పుడు వస్తాడు మహానుభావుడు. ఆమె ఒక్క మాట మాట్లాడి కన్నుమూస్తుంది, మిగిలిన విషం అతను తాగుతాడు.

మీ దగ్గర దాపరికమెందుకు, రాకుమారి మాటలు నావి కావు. మా ఆవిడవి. ఆవిడ వంటింట్లోంచి నన్ను కడిగేస్తుంటే నేను హాల్లో కూర్చుని రాసుకునేవాణ్ని. "తలుపు దగ్గర చెప్పులు, మంచం మీద తువ్వాలు. వస్తువుల్ని బట్టి మనిషిని వెతుక్కోవాల్సొస్తోంది" అంది ఒకరోజు. నేను చెప్పులు తీసేసి కత్తి పెట్టాను, తువ్వాలు తీసేసి శాలువా పెట్టాను. ఇంకోసారిగారు కళ్లజోడు తియ్యలేదు. "విరహమంటే ఇదయ్యా" అన్నాడు.

రాకుమారుడి మాటలు మాత్రం నా సొంతం. "అంటే, అది కాదు", "ఇప్పుడేమైందని", ఇలాంటివి. వాటిని నాలుగుసార్లు తిరగరాయించాడు. వీడు ప్రేమికుడిలా లేడు, తప్పు చేసి దొరికినవాడిలా ఉన్నాడట.

ఇక మిగిలింది ఆఖరి సీను. ఆలస్యంగా వచ్చినవాడితో ఆమె ఏమంటుంది? వారం రోజులు బుర్ర గోక్కుంటే ఉపాయం తట్టింది. శనివారం మా పెళ్లిరోజు. ఐదింటికల్లా తయారుగా ఉండు, బయటికెళ్లి తిందాం అని మా ఆవిడతో చెప్పాను.

"నిజంగా ఐదేనా?"

"ఐదంటే ఐదే."

"ఏ ఊరి గడియారం ప్రకారం?"

అది కూడా రాసుకున్నాను.

శనివారం సాయంత్రం మా వీధి చివర టీకొట్టులో గోడకేసి తిరిగి కూర్చున్నాను. ఐదయింది, ఆరయింది. ఆరు టీలు తాగాను. ఏడింటికి జేబులో చిన్న పుస్తకం, మూత తీసి సిద్ధంగా పెట్టుకున్న పెన్నుతో ఇంటి తలుపు కొట్టాను. మా ఆవిడ కొత్త బట్టల్లో వచ్చి తీసింది.

"వచ్చారా. భోజనం మూతపెట్టి ఉంచాను, తినండి."

అంతే.

"రెండు గంటలు ఆలస్యంగా వచ్చాను" అన్నాను.

"అవును."

"పెళ్లిరోజు."

"అవును."

"కోపం రాలేదా?"

"ఎందుకండీ, మీకేం పనులున్నాయో ఏమో."

జేబులో పెన్ను కారి చొక్కా పాడైంది, చూపించాను. ఉతుకుతాలెండి అంది. తువ్వాలు తడిపి మంచం మీద పడేశాను. తీసి ఆరేసింది. గాజుగ్లాసు కావాలనే జారవిడిచాను. "కాలికి గుచ్చుకోలేదు కదా" అంటూ చీపురు తెచ్చింది. చివరికి తెగించి, మీ అన్నయ్యకి బుర్ర తక్కువ అన్నాను.

"కాస్త తక్కువే" అంది.

పదహారేళ్ల కాపురంలో నన్నంతగా భయపెట్టిన మాట ఇంకోటి లేదు.

మర్నాడు పొద్దున్నే ఇంకోసారిగారు ఇంటికే వచ్చేశాడు. నా చేతిలో ఉన్నది తెల్లకాగితం.

"సీనేదయ్యా?"

"అంటే, అది కాదు సార్..."

"వాడి డైలాగు వద్దు. ఆమెది వినిపించు."

మా ఆవిడ టీ తెచ్చి బల్లమీద పెట్టింది. "అన్నయ్యగారూ, ఆమె వాణ్ని తిట్టదండీ. వస్తాడన్న ఆశ ఉన్నన్నాళ్లే తిట్లు. ఆశ పోయాక వస్తే, 'వచ్చారా, భోజనం మూతపెట్టి ఉంచాను, తినండి' అంటుంది. అంతే, కన్నుమూస్తుంది."

ఇంకోసారిగారు కళ్లజోడు తీశాడు. ఆవిడకీ "ఇంకోసారి" తప్పదని నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నిన్న ఆ మాట నా ముఖాన్నే అంది. జేబులో పుస్తకం పెట్టుకుని కూడా రాసుకోలేదు నేను. నిజంగా సిగ్గేసింది.

"మిగతా మాటలు కూడా నీవేనా తల్లీ?" అన్నాడాయన.

"శుక్రవారం ఈయన బల్ల సర్దుతుంటే తెలిసింది. నా తిట్లన్నీ కిరీటాలు పెట్టుకుని కూర్చున్నాయి. ఆఖరి సీను ఒక్కటే ఖాళీ. ఈయన ఐదింటికి రారని అప్పుడే అర్థమైంది. మా చెల్లెల్ని తీసుకుని హోటలుకెళ్లి తినొచ్చాను."

"మరి ఆ మూత కింద భోజనం?" అన్నాను.

"మిగిలింది పార్సిలు కట్టించాను. వెళ్లేటప్పుడు టీకొట్టు ముందునుంచే వెళ్లాం. మీరు మూడో టీలో ఉన్నారు."

సినిమా విడుదలైంది. మొదటిరోజే ఇద్దరం వెళ్లాం. నేను పాప్‌కార్న్ క్యూలో ఇరుక్కుని, పొట్లం పట్టుకుని పరుగున వచ్చేసరికి పేర్లన్నీ పడిపోయాయి. "మాటలు" అన్నచోట ఎవరి పేరుందో నాకు తెలుసు. ఇంకోసారిగారు నన్నడిగే మా ఆవిడ పేరు పెట్టాడు, నేనూ సరేనన్నాను.

"నా పేరు పడిందా?" అన్నాను, చీకట్లో సీటు తడుముకుంటూ.

"పడింది. కింద చిన్నక్షరాల్లో, సహకారం అని."

"నేనేం సహకరించానట?"

"ఇదిగో, ఇలా ఆలస్యంగా రావడమే" అంటూ పొట్లం అందుకుంది మా ఆవిడ.