ఏడు ముక్కల భాష

ఆ రోజుకు మరకలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి హోటల్లో ఇంటర్వ్యూ, ఒంటిగంటకు ఇంట్లో భోజనం. ఎంత మొండి మరకనైనా వదిలిస్తాడని ఆయనకా పేరు వచ్చింది. పంతొమ్మిదేళ్లు పనిచేసిన లాండ్రీ నాలుగు నెలల కిందట మూతపడింది. అప్పటినుంచీ ఏమీ తోచక ఇంట్లో కర్టెన్లను వారానికి రెండుసార్లు ఉతుకుతున్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే కర్టెన్లు మిగలవని భార్య భయం. ఇక తన పని ఎవరికీ అక్కర్లేదేమోనని ఆయన భయం.

దరఖాస్తు రాసిపెట్టింది మరదలు. ఆమె ఒక కంపెనీలో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేస్తుంది. బూట్లు తొడుక్కుంటూ ఆ కాగితం చదివిన మరకలాయన కంగుతిన్నాడు.

"తెలిసిన భాషలు మూడా? మూడోది విదేశీ భాష, అది నాకెక్కడ వచ్చు?"

"ఆ దేశం బట్టల మీద లేబుళ్లు చదవగలనని మీరే అన్నారుగా బావగారూ."

"లేబుళ్లేనమ్మా. 'చేత్తో ఉతకండి', 'పిండకండి', 'నీడలో ఆరబెట్టండి'. అన్నీ కలిపి ఏడు ముక్కలు. అవైనా పాత కస్టమరొకాయన పలకడం నేర్పాడు కాబట్టి."

"ఎన్ని ముక్కలొచ్చని వాళ్లడగలేదు, మనం రాయలేదు. ఇందులో అబద్ధమేముంది? ఉన్నదానికే కాస్త ఇస్త్రీ చేశాను."

ఇస్త్రీ అనేసరికి ఆయన మెత్తబడ్డాడు.

హోటల్ మేనేజరు మహా హడావిడి మనిషి. మూడో భాష కంటబడగానే లేచి మరకలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"దేవుడిలా వచ్చారు. పొద్దుట్నుంచి ఒకావిడ మా ప్రాణం తీస్తోంది. ఒక్క ముక్క అర్థమై చావట్లేదు. ఫోన్లో తర్జుమా చేస్తే 'నా గొర్రె కుంచించుకుపోయింది' అని వస్తోంది. రండి."

"అది కాదండీ, నాకు..." అనేలోపే రిసెప్షన్ ముందున్నాడు.

అక్కడ నిలబడ్డ పెద్దావిడ చేతిలో పసిపిల్లకు సరిపోయేంత ఉన్ని స్వెటరు ఉంది. అది ఆవిడదేనని గ్రహించిన మరకలాయనకు నిజంగానే బాధ కలిగింది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఆవిడ భాషలో అన్నాడు: "చేత్తో ఉతకండి. పిండకండి. నీడలో ఆరబెట్టండి."

ఆవిడ కళ్లు చెమర్చాయి. తల ఊపుతూ ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడింది.

"ఏమంటోందండీ?" అన్నాడు మేనేజరు.

"ఉన్నిని వేడినీళ్లలో వేశారంటున్నారు." ఇది ఊహే, కానీ తప్పు కాదు.

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "ఈవిడతో వచ్చిన పధ్నాలుగు మందీ లాబీలో ఉన్నారు. వాళ్ల బస్సు చెడిపోయింది, మూడు గంటలు ఆలస్యం. ఆ ముక్క కాస్త మెల్లిగా చెప్పండి."

పధ్నాలుగు మందీ మరకలాయన వంక ఆశగా చూశారు. ఆయన చొక్కా తడిసిపోయింది. మిగిలిన ముక్కల్లో బస్సుకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

"ఎండ తగలనివ్వకండి," అన్నాడు చివరికి. "విడిగా ఉతకండి."

అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఒక ముసలాయన తన చొక్కా వాసన చూసుకున్నాడు.

"అర్థమైందంటారా?" అన్నాడు మేనేజరు.

మరకలాయనకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పోని మరకను పోయిందని ఆయన ఏనాడూ చెప్పలేదు. "అయ్యా, నాకీ భాష రాదు. లేబుళ్ల మీది ఏడు ముక్కలొచ్చు, అంతే. కాగితంలో ఎక్కువ రాశాం. ఆ స్వెటరు మాత్రం నానబెట్టి మెల్లిగా సాగదీస్తే చాలావరకు తిరిగొస్తుంది. అది చేసిచ్చి వెళ్లిపోతాను."

మేనేజరు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"లాండ్రీలో అనుభవజ్ఞులైన సిబ్బంది పన్నెండు మంది ఉన్నారని మా ప్రకటనలో చదివారా?"

"చదివానండీ."

"ఎవరూ లేరు. ఆ స్వెటరు ఉతికింది నేనే. మీరు ఇప్పుడే చేరిపోండి."

బస్సు సంగతి గోడ గడియారం చూపించి చేతులతో చెప్పారు. సాయంత్రానికి స్వెటరు ముప్పాతిక వంతు సాగింది. మరకలాయన గుండె మీది బరువు మొత్తం దిగింది. చేతులు తుడుచుకుని రిసెప్షన్లోకి వచ్చేసరికి అక్కడ కొత్త బోర్డు వేలాడుతోంది: 'విదేశీ భాషలు ధారాళంగా మాట్లాడే పదమూడు మంది లాండ్రీ సిబ్బంది కలరు.'