పరిచయం లేని వీపు

ఆదివారం పొద్దున దర్జీకి భార్య అప్పగించిన పని ఒక్కటే. సందు మొగలో ఉన్న కాఫీ హోటల్‌కి ముందుగా వెళ్లి, కిటికీ పక్క టేబుల్ పట్టుకుని కూర్చోవాలి. తొమ్మిదింటి బస్సుకి అత్తగారు దిగుతుంది. ఆవిడను వెంటబెట్టుకుని భార్య నేరుగా అక్కడికే వస్తుంది. ఆదివారం ఆ హోటల్ కిటకిటలాడిపోతుంది. రుమాలు వేసో గొడుగు పెట్టో చోటు ఆపుకుంటామంటే కుదరదు. మనిషి కూర్చుంటేనే కుర్చీ. లేస్తే అది ఊరందరిదీ.

"పోయినసారి ఎవరో అడిగారని లేచిచ్చేశారు. మా అమ్మ గోడకి ఆనుకుని కాఫీ తాగింది," అని గుర్తుచేసింది భార్య. "ఈసారీ అంతే అయితే అమ్మతోపాటు నేనూ వెళ్లి నెల్లాళ్లు ఉండొస్తా. ‘ఈ టేబుల్ మాది, లేవండి’ అనండి చాలు. నాలుగంటే నాలుగు ముక్కలు."

దర్జీ మంచివాడే గాని ‘కాదు’ అనే మాట అతని నోటికి రాదు. తెల్లారేసరికి పది చొక్కాలు కావాలన్నా, చెవి మీది పెన్సిల్ తీసి కొలతల పుస్తకంలో రాసుకోవడమే తెలుసు. ఆ నాలుగు ముక్కలూ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్లాడు. అదృష్టం బాగుండి టేబుల్ ఖాళీగానే దొరికింది.

చిక్కల్లా చెవి మీది పెన్సిల్‌తో వచ్చింది. ఆ హోటల్లో వడ్డించేవాళ్లకూ అదే గుర్తు. పక్క టేబుల్ పెద్దాయన ఆ చెవి వంక చూసి, "ఏమయ్యా, తీరిగ్గా కూర్చున్నావు? రెండు ఆమ్లెట్లు. ఒకదాంట్లో మిరియాలు వద్దు," అన్నాడు. దర్జీ నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాకపోయేసరికి, చెయ్యి తన అలవాటు ప్రకారం పుస్తకం తీసి రాసేసుకుంది. అది చూసి వెనక టేబుల్ ఇల్లాలు టోస్టు చెప్పింది, పిల్లలకి పాలు చెప్పింది, టోస్టు ఎర్రగా కాలాలని కూడా చెప్పింది. పావుగంటలో పేజీన్నర నిండింది.

రాసుకున్నాక అందించకపోతే బాగుండదు కదా. కుర్చీని ఓసారి బుజ్జగింపుగా తట్టి, దర్జీ వంటగదికి పరిగెత్తాడు. వంటవాడు పుస్తకం అందుకుని, "పొడుగు ముప్పై, చేతులు ఇరవై మూడు... ఇది ఏ టేబుల్‌కి?" అనడిగాడు. అది పోస్టుమాస్టరు గారి చొక్కా అని నచ్చజెప్పి అసలు పేజీ తిప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆపైన వంటవాడు నాలుగు పళ్లేలు చేతుల్లో పెట్టి, వేడిగా ఉన్నప్పుడే ఇచ్చి రమ్మన్నాడు. దర్జీ ఇచ్చాడు.

చివరి పళ్లెం దించి తలెత్తితే, కిటికీ పక్క టేబుల్ దగ్గర ఎవరో ఆవిడ అటు తిరిగి కూర్చుని ఉంది.

దర్జీ ముఖాలు మరిచిపోతాడు గాని వీపులు మరిచిపోడు. ఊళ్లో సగం వీపులు అతను కొలిచినవే. ఈ ఊదారంగు కోటు భుజాలు ఎత్తుగా, ఠీవిగా ఉన్నాయి. అత్తగారివి జారుడు భుజాలు. ఆవిడ కోట్లన్నీ తను కుట్టినవే. అంచేత ఈవిడ అత్తగారు కాదు. గడియారం చూస్తే తొమ్మిదీ పది. నెల్లాళ్ల వంటా, నెల్లాళ్ల అంట్లూ కళ్లముందు కదిలాయి. గుండె దిటవు చేసుకుని దగ్గరికి వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని, హోటలంతా వినేలా అనేశాడు.

"ఈ టేబుల్ మాది, లేవండి."

ఆవిడ లేచింది. ఇటు తిరిగింది. అత్తగారే.

గుమ్మంలో గొడుగు దులుపుతున్న భార్య అలాగే బిగుసుకుపోయింది. దర్జీ కళ్లు మాత్రం ఆ భుజాల మీంచి కదల్లేదు.

"ఈ కోటు ఎవరు కుట్టారండీ? భుజాల్లో దూది పెట్టారు," అన్నాడు నెమ్మదిగా.

అత్తగారి ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అల్లుణ్ని దర్జీగా పెట్టుకుని, పొరుగు దర్జీ కోటుతో దొరికిపోవడం చిన్న సంగతి కాదు. తిట్టడానికి తెరిచిన నోటిని అలాగే నవ్వులోకి మళ్లించింది.

"కూర్చో బాబూ, కూర్చో. ఇదీ... పక్కింటావిడ పోరు పడలేక కుట్టించుకున్నాలే. ఏమే అమ్మాయ్, మీ ఆయన నోట్లో నాలుక లేదన్నదెవరే? ఎంత ఖరాఖండిగా చెప్పాడో చూడు."

అలా అన్నది ఏడేళ్లుగా ఆవిడే. ఆ మాట ఎవరూ గుర్తుచేయలేదు. భార్య వచ్చి అతని పక్కనే, రోజూకంటే కాస్త దగ్గరగా కూర్చుంది. నెల్లాళ్ల ఊసెత్తలేదు.

కాఫీ తాగడం అయ్యాక అత్తగారు కోటు విప్పి, మడిచి, అల్లుడి ఒళ్లో పెట్టింది. ఆ దూది పీకేసి భుజాలు సరిచేయమంది. చేతులు కూడా కాస్త పొట్టి చేయమంది. రేపు పొద్దున్నే బస్సు కనక సాయంత్రానికల్లా కావాలంది.

కొత్తగా వచ్చిన నోటితో మొగుడేమంటాడోనని భార్య ఆశగా చూసింది.

దర్జీ చెవి మీది పెన్సిల్ తీసి రాసుకున్నాడు.